సున్నా రాకూడదు

జూన్ 2

లెక్కల కోసం కొన్న పుస్తకంలో ముందు మాటలు రాస్తున్నాను. పరవాలేదు. మాటలకు ఎడమ పేజీ, లెక్కలకు కుడి పేజీ.

కాలేజీ ఉత్తరం వచ్చింది. ఇరవై ఆరో తేదీ పదకొండు గంటలకు కమిటీ ముందు హాజరు కావాలి. "మీ ఆరోగ్యాన్నీ విద్యార్థుల ప్రయోజనాన్నీ దృష్టిలో ఉంచుకుని తగిన నిర్ణయం" తీసుకుంటారట. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఇంత గుండ్రటి వాక్యం మా ప్రిన్సిపాల్ సొంతంగా రాసి ఉండరు.

మా ఆయన కళ్ళద్దాల షాపు నుంచి వచ్చి, చొక్కా జేబులో ఇంకా ఎవరివో అద్దాలు పెట్టుకునే ఉత్తరం చదివారు. రెండోసారి కూడా చదివి, "లైబ్రరీ మరీ అంత చెడ్డ పనేం కాదు కదా" అన్నారు.

ఉత్తరంలో లైబ్రరీ మాట ఎక్కడా లేదు.



జూన్ 3

73939133.

పదిహేనేళ్ళప్పుడు స్కూల్లో ఒక పాత పుస్తకం చివరి పేజీలో కనిపించింది. ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా ఏదో ఒకటి మిగిలి తీరుతుంది. అలాంటివి కోకొల్లలు. దీని సంగతి వేరు. చివరి అంకె కొట్టేస్తే 7393913, అదీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి కొట్టేస్తే 739391, అదీ అంతే. ఆ తరవాత 73939, 7393, 739, 73, ఆఖరికి ఒంటి 7. ఎక్కడ కోసినా లొంగదు. ఈ జాతిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. ఆ రోజు ఇంటికి నడుస్తూ దాన్ని జంటలుగా పాడుకున్నాను: డెబ్బై మూడు, తొంభై మూడు, తొంభై ఒకటి, ముప్పై మూడు.

ఫిబ్రవరిలో మెదడులో చిటికెడు చోట నెత్తురు ఆగింది. ఆరు గంటల పాటు కుడిచెయ్యి నాది కాదు. అప్పటినుంచి నా చివరి అంకెలు ఒక్కొక్కటే కొట్టేస్తున్నారు. ముందు స్కూటరు. తరవాత సాయంత్రం ట్యూషను. తరవాత కూరగాయల కత్తి. ఇప్పుడు క్లాసు.

అందుకని ఒక పని పెట్టుకున్నాను. రెండు వందల లోపు ప్రధాన సంఖ్యలు నలభై ఆరు. రోజుకు రెండు చొప్పున కమిటీ నాటికి అన్నిటితోనూ దీన్ని చేత్తో భాగిస్తాను. ఫోను ముట్టను, కాలిక్యులేటర్ ముట్టను. ఎక్కడైనా శేషం సున్నా వచ్చిందంటే తప్పు సంఖ్యది కాదు, నాది. సున్నా రాకపోతే కమిటీ ముందు తలెత్తుకుని కూర్చుంటాను. వస్తే లైబ్రరీ, నోరెత్తను.

ఇంకో నియమం. ప్రతి పేజీ పైనా సంఖ్యను ముందు రోజు పేజీ చూసి రాయాలి. గుర్తున్నదాన్ని నమ్మకూడదు. నా జ్ఞాపకానికి ప్రస్తుతం అంత పరపతి లేదు.

ఇవాళ 2, 3. శేషాలు 1, 2.

ఇది పరీక్షేం కాదు. కాలక్షేపం.

జూన్ 4

5, 7. శేషాలు 3, 2. చెయ్యి వణకలేదు.

కొంచెం వణికింది.

జూన్ 5

11, 13. శేషాలు 4, 8.

ఏప్రిల్ సంగతి ఇక్కడైనా రాయాలి. సెలవు తరవాత కాలేజీకి వెళ్ళిన మొదటి వారం. బోర్డు మీద వంద లోపు ప్రధాన సంఖ్యలు రాస్తున్నాను. 89 తరవాత 91 రాశాను. మూడో బెంచీ పిల్ల లేచి, "మేడమ్, ఏడు పదమూళ్ళు" అంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. పది నిమిషాలు వాదించాను, గొంతు పెంచి. ఎవడో ఫోన్లో తీశాడు.

అందరూ నేను మర్చిపోయాననుకుంటున్నారు. మర్చిపోతే బాగుండేది. ఆ పది నిమిషాలూ నాకు పూర్తిగా గుర్తున్నాయి. రెండూ రెండూ నాలుగు అన్నప్పుడు లోపల ఎలా ఉంటుందో, అప్పుడూ అచ్చం అలాగే ఉంది. తప్పు వచ్చి ఒప్పు కుర్చీలో కూర్చుంది. నాకు తేడా తెలియలేదు.

భయం అదీ.

జూన్ 6

17, 19.

అత్తయ్య పట్టుకున్నారు. ఆవిడ నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు తూకాల గుమాస్తా. ఎక్కడ అంకెలు కనిపించినా ముక్కు దూర్చకుండా ఉండలేరు. ఈ సంఖ్య ఏమిటంటే, ఎంతమంది వచ్చినా సమంగా పంచుకోలేనిది అని చెప్పాను. నియమం కూడా చెప్పాల్సి వచ్చింది.

"అయితే సున్నా రాకపోతే నీ లెక్క కరెక్టేనా?"

"అవును."

"అదెలాగమ్మాయ్? ఎనిమిది రావాల్సిన చోట నువ్వు ఆరు రాసుకుంటే? అదీ సున్నా కాదుగా."

ఎమ్మెస్సీలో నాకు బంగారు పతకం వచ్చింది. ఈ ప్రశ్న మూడు రోజులుగా నాకు తట్టనే లేదు. తట్టిందేమో. తట్టనివ్వలేదేమో.

ఆవిడ పెన్సిల్ తీసుకుని పక్కన కూర్చున్నారు. మిల్లు పద్ధతి, తొమ్మిదులు తీసేయడం. సంఖ్యలో అంకెలన్నీ కూడితే 38, మూడూ ఎనిమిదీ పదకొండు, ఒకటీ ఒకటీ రెండు. భాగించినదానికీ, వచ్చినదానికీ అలాగే చేసి, గుణించి, శేషం కలిపితే మళ్ళీ రెండే తేలాలి. తేలకపోతే ఎక్కడో కాలు జారినట్టు. అప్పటిదాకా చేసిన లెక్కలన్నీ తిరగేశారు. అన్నిటికీ రెండు తేలింది.

"తొమ్మిది రెండు రెళ్ళు" అన్నారు, పిల్లలకు మార్కులు చెప్పినట్టు. నిజానికి అప్పటికి ఎనిమిదే లెక్కలు. నేను దిద్దలేదు. ఆవిడ తప్పు చూసి ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 8

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. వందలోంచి ఏడేడు తీస్తూ పొమ్మన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది... రెండు దాకా ఆపకుండా వచ్చేశాను. మైనస్ అయిదు కూడా చెప్పమంటారా అంటే నవ్వాడు. వందకూ నా సంఖ్యకూ ఏడు దగ్గర మిగిలేది రెండే. ఆ మాట ఆయనకు చెప్పలేదు. కమిటీకి కాగితం రాసిచ్చేటప్పుడు మాత్రం కలం ఆపి, "పొరపాట్లు అసలు జరగవని నేను రాయలేనమ్మా" అన్నాడు.

31, 37.

జూన్ 11

59, 61. అత్తయ్యకు రెండు, రెండు.

జూన్ 12

ఆ వీడియో ఇంతవరకూ నేను చూడలేదు. ఇవాళ చూశాను. మా ఆయన ఫోన్లోనే ఉంది. రెండు నెలలుగా ఉంది.

నా వెనక బోర్డు మీద నా చేతిరాత, గుండ్రంగా, ధీమాగా, 91. దాని కింద గీత కూడా గీశాను.

లైబ్రరీ మాట ఎలా తెలిసిందని అడిగితే, ప్రిన్సిపాల్ ఫోన్ చేశారనీ, తనూ సరేనన్నాననీ ఒప్పుకున్నారు. మే నెలలోనే చేశారట. "నిన్ను చూసి నవ్వుతుంటే నేను భరించలేను" అన్నారు. నేను భరించగలనేమో నన్ను అడగాలి కదా. అది ఆయనకు తోచలేదు.

కోపంగానే కూర్చుని చేశాను. 67కి 46, 71కి 59. అత్తయ్య చూసి రెండు, రెండు అన్నారు.

జూన్ 13

73, 79. మాటలు లేవు, ఇంట్లో కూడా.

జూన్ 15

97, 101. వంద దాటాను.

ఆయన ఆదివారం షాపు మూసి ఇంట్లోనే ఉన్నారు. నా వెనక నిలబడి చూసి, ఇదంతా ఎవరికి నిరూపించడానికి అని అడిగారు. మీకే అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలిసినట్టు చూసుకున్నాం.

తరవాత ఆయన చెప్పిన మాట బాగుంది కాబట్టి రాస్తున్నాను. షాపులో ఎవరినైనా ఒక కన్ను మూసి చదవమంటే, చాలామంది అక్షరాలు కనబడకపోయినా చెప్పేస్తారట, ఊహించి. తప్పు చెబుతున్నామని వాళ్ళకు తెలియదు. "అందుకే నేను బోర్డు మారుస్తాను. మనుషుల్ని తిట్టను" అన్నారు.

అయితే నన్నెందుకు లైబ్రరీలో పెడుతున్నారు, బోర్డు మార్చకుండా?

జూన్ 17

109, 113.

జూన్ 20

ప్రిన్సిపాల్ ఇంటికే వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒక కాగితం తీశారు. అనారోగ్యం కారణంగా నేనే స్వయంగా లైబ్రరీకి మార్చమని కోరుకుంటున్నట్టు టైపు చేసి ఉంది. నా పేరు కింద ఖాళీ. ఇలా అయితే కమిటీ రెండు నిమిషాల్లో అయిపోతుందనీ, మాటా మాటా రాదనీ, జీతం కూడా మారదనీ చెప్పారు. మంచివాడే. ఆ మంచితనంతోనే చిక్కు.

"నేను కోరుకోలేదు కదండీ" అన్నాను.

"కోరుకుంటే గౌరవంగా ఉంటుంది మేడమ్."

"ఎవరికి?"

ఆయన గ్లాసు వైపు చూశారు. నీళ్ళు అయిపోయాయి. వంటింట్లోంచి అత్తయ్య, "ఇంకో గ్లాసు తేనా నాయనా, ఇంకా చెప్పేది ఉందా?" అన్నారు. ప్రిన్సిపాల్ లేచి వెళ్ళిపోయారు.

కాగితం బల్ల మీదే ఉంది. దాని వెనకవైపు తెల్లగా బాగుంది. 149, 151 చిత్తు లెక్కలు దాని మీదే చేశాను.

జూన్ 22

167, 173. ఒకవేళ సున్నా వస్తే ఎవరికీ చెప్పకుండా పేజీ చింపేయొచ్చు కదా అనిపించింది. రాసిపెడుతున్నాను, చింపకుండా ఉండటానికి.

జూన్ 24

191కి 35. 193కి 2, పక్కనుంచి రాసుకుపోయింది.

ఇంకా రెండే. రేపు 197, 199. ఎల్లుండి ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించుకున్నాను. నాకేం కాలేదు. ఇరవై రెండు రోజులుగా నాకేం కాలేదు.

జూన్ 25

ఉదయం, టిఫిన్ అయ్యాక. 197. భాగఫలం 375289. శేషం 0.

మళ్ళీ చేశాను. 0.

ఇంకో కాగితం మీద గుణించి చూశాను. 375289ని 197తో. పేజీ పైనున్న సంఖ్య అంకె పొల్లుపోకుండా వచ్చింది. అత్తయ్యను పిలిచాను, ఏమైందో చెప్పకుండా. తొమ్మిదులు తీసి, రెండు అన్నారు. తరవాత శేషం చూశారు. పెన్సిల్ కింద పెట్టారు.

లెక్క సరైనదే. అదే ఘోరం. ముప్పై ఏళ్ళుగా ప్రధాన సంఖ్య అని పాడుకున్నది 197కి సమంగా పంచబడుతోంది. లేదా నేను ఏప్రిల్లోలాగే ధీమాగా, గుండ్రంగా, తప్పు చేస్తున్నాను. ఈసారి నాతోపాటు తొమ్మిదులు కూడా తలూపుతున్నాయి. పుస్తకంలోనే తప్పు అచ్చయిందా? స్కూల్లో నేనే తప్పు రాసుకున్నానా? ఇన్నాళ్ళూ నాకు ఉన్నదల్లా ఒక తప్పుడు సంఖ్యేనా?

బల్ల మీద ప్రిన్సిపాల్ కాగితం ఉంది. తిప్పి చూశాను. సంతకానికి ఖాళీ అలాగే ఉంది. కలం మూత తీశాను. ఈ ముక్క రాయక తప్పదు, తీశాను.

అత్తయ్య కలం లాక్కోలేదు. ఓదార్చనూ లేదు. ఆవిడ మిల్లు గురించి మొదలుపెట్టారు. ఒక ఏడాది కాటా దగ్గర అన్ని మొత్తాలూ సరిపోయాయి, తొమ్మిదులు సరిపోయాయి, గోదాములో బేళ్ళు మాత్రం సరిపోలేదట. వారం రోజులు వెతికారట.

"అంకెలు అటూ ఇటూ అయితే తొమ్మిదులకు తెలీదమ్మాయ్. కూడితే అంతే వస్తుందిగా. అప్పట్నించీ మాకొక పద్ధతి. ఒకళ్ళు పైకి చదవాలి, రెండోవాళ్ళు వాళ్ళ కాగితం చూసి తిరిగి చదవాలి. ఎంత పెద్ద గుమాస్తా అయినా సరే. మొదటి పేజీ తియ్. నువ్వు చదువు."

మొదటి పేజీ నేను తీశాను. ఇవాళ్టి పేజీ ఆవిడ పట్టుకున్నారు.

"డెబ్బై మూడు."

"డెబ్బై మూడు."

"తొంభై మూడు."

"తొంభై మూడు."

"తొంభై ఒకటి."

ఆవిడ తిరిగి చదవలేదు. కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇక్కడ పంతొమ్మిది ఉంది."

వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాం. నిన్న పంతొమ్మిది. మొన్న పంతొమ్మిది. పన్నెండో తారీఖు పంతొమ్మిది. పదకొండున తొంభై ఒకటి. వీడియో చూసిన రోజు నా చెయ్యి ఆ రెండంకెల మొహం చూడలేకపోయింది. అక్కడినుంచి, జ్ఞాపకాన్ని నమ్మకూడదన్న నా గొప్ప నియమం ప్రకారం, ప్రతిరోజూ ఆ తప్పునే శ్రద్ధగా ఎత్తి రాశాను. జ్ఞాపకాన్ని నమ్మి ఉంటే ఒక్క పేజీతో పోయేది.

73931933. చివర మూడంకెలు కొట్టేస్తే 73931, పదకొండు దగ్గరే రాలిపోతుంది. నా సంఖ్య కానే కాదు. ఎవరో దారిన పోయేది. దాన్ని పద్నాలుగు రోజులు నిలదీస్తే, నేను 197 అని అడిగినప్పుడు నిజం చెప్పింది. చెయ్యి తప్పింది. భాగహారం తప్పలేదు.

చెయ్యీ నాదే కదా అని కూడా అనిపిస్తోంది. అవును, నాదే.

అసలు సంఖ్యతో చేశాను. అత్తయ్య తిరిగి చదివారు. 197కి 108. 199కి 86.

కలానికి మూత పెట్టాను.

జూన్ 26

గదిలో ముగ్గురు. ప్రిన్సిపాల్, యాజమాన్యం తరఫున ఒకాయన, యూనివర్సిటీ నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసర్. బల్ల మీద అదే కాగితానికి ఇంకో ప్రతి.

ప్రొఫెసర్ చాలా మెత్తగా, "అమ్మా, తొంభై ఒకటి?" అన్నారు.

"ఏడు పదమూళ్ళండి. ఏప్రిల్లో కూడా ఏడు పదమూళ్ళే, నేను ఒప్పుకోకపోయినా."

పుస్తకం వాళ్ళ ముందు పెట్టాను. మొదటి నుంచి చెప్పాను, పన్నెండో తారీఖు సంగతి కూడా. యాజమాన్యం ఆయన, అంటే మళ్ళీ తప్పు చేశారన్నమాట అన్నారు. చేశానన్నాను. ఎలా దొరికిందో, ఎందుకు అన్నాళ్ళు దొరకలేదో చెప్పాను. ఆయన వినడం మానేసి ఫైలు కట్ట సవరించుకున్నారు.

ప్రొఫెసర్ మాత్రం 375289 దగ్గర వేలు పెట్టారు. కాగితం తీసుకుని తనే 197తో గుణించడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. వచ్చిన జవాబు నా పేజీలో ఉన్న సంఖ్య కాదు. ప్రిన్సిపాల్ నా వైపు జాలిగా చూశారు.

నేనే తప్పేమో అని ముందు అనిపించింది. అది ఇంక పోదేమో. అయినా నోరు తెరిచాను. "మీరు చేసింది పైకి చదవండి సార్, నేను తిరిగి చదువుతాను" అన్నాను. చదివారు. చివర కూడిక దగ్గర ఆగారు.

"ఇక్కడ ఒకటి కలపడం మర్చిపోయాను" అన్నారు. తరవాత నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఒక్క టర్మ్. మొదటి సంవత్సరం, ఒకే సెక్షన్. వెనక బెంచీలో ఎవరో ఒకరు కూర్చుని నివేదిక రాస్తారు. ఇంతకన్నా తగ్గించలేమన్నారు. సరేనన్నాను. కాగితం మీద సంతకం పెట్టలేదు. లేచేటప్పుడు దాన్ని తిప్పి, తెల్లవైపు పైకి పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "ఆ ముసలాయనకి కమిటీ ఎప్పుడుట?" అన్నారు. మా ఆయన మాత్రం తన ఫోను నా చేతికిచ్చారు, ఆ వీడియో తీసేయమని. తీసేయలేదు. పనికొస్తుంది.

జూలై 8

మొదటి క్లాసు. వెనక బెంచీలో నివేదిక రాసే కుర్రలెక్చరర్, నా కన్నా భయపడుతున్నాడు.

బోర్డు మీద 91 రాశాను. పెద్దగా. కింద గీత గీశాను. పిల్లల్లో కదలిక. కిటికీ పక్కనుంచి ఒకడు లేవకుండానే, "అది ప్రధాన సంఖ్య అన్నారంట కదా మేడమ్?" అన్నాడు. నవ్వులు.

"అన్నాను. పది నిమిషాలు అరిచాను కూడా. నేను ఎంత అరిచినా అది మారలేదు. లెక్కలు చదివేది అందుకే. రేపు మళ్ళీ ఏదో అంటాను, నువ్వూ అంటావు. ఈ క్లాసులో ఎవరు బోర్డు మీద ఏ సంఖ్య రాసినా ఇంకొకరు తిరిగి చదవాలి. నేను రాసినా సరే. ముందు నువ్వే లే."

లేచాడు. 73939133 రాశాను, గుర్తున్నదాన్ని నమ్మి. జంటలుగా చదవమన్నాను. మూడో జంట దగ్గర నా గుండె ఒక్కసారి ఆగి చూసింది.

"తొంభై ఒకటి" అన్నాడు.

"తొంభై ఒకటి" అన్నాను.

సాయంత్రం ఇంట్లో, పన్నెండో తారీఖు నుంచి మళ్ళీ మొదలు. అత్తయ్య చదివారు, నేను తిరిగి చదివాను. 67కి శేషం 10. 46 కాదు. 71కి 17.

చేత్తో పూర్తిగా నిరూపించాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 8598 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. వెయ్యికి పైనే ఉన్నాయి. రోజుకు రెండైతే ఏడాదిన్నర.

నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు.